వంటగదిలో చోటు ఎక్కడ పోతోంది? కొత్తగా కట్టించే ముందు వేసుకోవలసిన నిల్వ లెక్క

కింది అర తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, ముందున్న నాలుగు గిన్నెలను ఒక్కొక్కటిగా తీసి నేల మీద పెట్టి, ఆపైన చేతిని మోచేయి దాటేదాకా లోపలికి జొనిపి, వెనక గోడకు ఆనుకుని ఉన్న పెద్ద పాత్రను చీకట్లో తడుముతూ బయటికి లాగడం చాలా ఇళ్ళలో రోజూ జరిగే పనే. పాత్ర చేతికి వచ్చేలోగా దానికి ఆనించి నిలబెట్టిన మూత జారి మరింత లోపలికి పోతుంది. నాలుగైదుసార్లు ఇలా అయ్యాక, మనకు తెలియకుండానే ఆ పాత్రను వాడటం మానేస్తాం. గట్టు మీద ఎప్పుడూ అందుబాటులో ఉండే, ఆ పనికి అంతగా చాలని చిన్న గిన్నెతోనే సర్దుకుంటాం. ఆ అరలో వెనక సగం ఇంట్లో ఉండి కూడా లేనట్టే లెక్క.

వంటగదిని తిరిగి కట్టించుకోవాలని నిర్ణయించుకున్నవారు సాధారణంగా ముందుగా అడిగే ప్రశ్న, ఇప్పుడున్న వాటికి తోడు ఇంకా ఎన్ని అరలు పట్టించవచ్చు అని. నమూనా గీసేవారు కూడా ఖాళీగా కనిపించిన ప్రతి గోడనూ అల్మరాలతో నింపి, ఇంత చోటు పెరిగిందని చూపిస్తారు. నిల్వను ఘనపరిమాణంతో కొలిచినంత కాలం ఈ లెక్క బాగానే కనిపిస్తుంది. కానీ వంట చేసే మనిషికి కావలసింది, చేతికి పని ఉన్న క్షణంలో ఆ వస్తువు ఒక్క కదలికలో, మరో వస్తువును జరపకుండా, దొరకడం. ఈ కొలతతో చూస్తే నిండా అల్మరాలున్న గది ఇరుకుగానూ, తక్కువ అల్మరాలున్న గది విశాలంగానూ తేలడం అరుదేమీ కాదు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే ప్రతి నిర్ణయానికీ ఆధారం ఈ కొలతే.

ఈ ఆలోచనకు వందేళ్ళ చరిత్ర ఉంది. 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కట్టే కొత్త ఇళ్ళ కోసం ఒక వంటగదిని రూపొందించారు. దాని వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. ఆ నగరంలో అటువంటివి దాదాపు పదివేలు కట్టారు. అంత చిన్న గదిలో ఆమె ప్రతి వస్తువుకూ ముందే ఒక చోటు నిర్ణయించారు: పొడి సరుకుల కోసం పిడి, మూతి ఉన్న అల్యూమినియం డబ్బాలు సొరుగుల్లా బయటికి వచ్చేవి, అలాగే ఎత్తి నేరుగా గిన్నెలోకి ఒంపుకోవచ్చు, పిండి పెట్టెలకు మాత్రం పురుగు పట్టకుండా ఓక్ కలప వాడారు. కొన్నేళ్ళకు, 1929లో, అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ కర్మాగారాల్లో కార్మికుల కదలికలను లెక్కించిన పద్ధతినే వంటపనికి అన్వయించి, బ్రూక్లిన్‌లోని ఒక గ్యాస్ సంస్థ కోసం నమూనా వంటగదిని తయారుచేశారు. 1940లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని చిన్న ఇళ్ళ పరిశోధన విభాగం ద్వారా పొయ్యి, సింక్, ఫ్రిజ్‌లను కలిపే త్రిభుజం అనే భావన ప్రచారంలోకి వచ్చింది. ఆ త్రిభుజంలో ఒక్కో భుజం 1.2 నుంచి 2.7 మీటర్ల మధ్య, మూడూ కలిపి 7.9 మీటర్లకు మించకుండా ఉండాలన్న సూచన ఇప్పటికీ వాడుకలో ఉంది.

అయితే ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిపై వచ్చిన విమర్శలూ మనకు అంతే ముఖ్యం. అందులో ఒకేసారి ఇద్దరు పనిచేయలేకపోయేవారు. పొడి సరుకుల డబ్బాలు చిన్నపిల్లల చేతికి అందే ఎత్తులో ఉండేవి. ఎంత శ్రద్ధగా కొలిచినా, ఆ కొలత వేరే ఇంటిది అయినప్పుడు మన ఇంట్లో అది తేడా చేస్తుంది. కాబట్టి లెక్క మన వస్తువుల దగ్గర, మన చేతుల దగ్గర మొదలుకావాలి.

అందుకు చేయవలసిన మొదటి పని వస్తువుల పట్టిక. పాత వంటగదిని కూల్చడానికి కనీసం నెల రోజుల ముందు, ఉన్న ప్రతి పాత్ర మీద, పరికరం మీద, డబ్బా మీద చిన్న రంగు కాగితపు చుక్కను అతికించి, వాడినప్పుడల్లా ఆ వస్తువు చుక్కను తీసేయడం చాలా తేలికైన పద్ధతి. మా ఇంట్లో ఇలా చేసినప్పుడు పొయ్యి పక్క సొరుగులో వారం తిరిగేలోగా దాదాపు అన్ని చుక్కలూ పోయాయి. పొయ్యికి సరిగ్గా ఎదురుగా, కంటి ఎత్తులో, గదిలోకెల్లా మంచి చోటులో ఉన్న అరలో మాత్రం నెలాఖరుకు కూడా అన్నీ అలాగే ఉన్నాయి. అతిథుల కోసం దాచిన గాజు పాత్రలు అక్కడ కొలువుదీరి ఉంటే, రోజూ వాడే గిన్నెలు నేల దగ్గర చీకట్లో ఉన్నాయన్న సంగతి ఆ చుక్కలు చెప్పేదాకా మాకెవరికీ తట్టలేదు.

పట్టికలో ప్రతి వస్తువుకూ నాలుగు విషయాలు రాసుకోవాలి: ఎంత తరచుగా వాడతాం, ముందుగా ఎక్కడ వాడతాం, ఎత్తు వెడల్పులు ఎంత, బరువు ఎంత. చివరి రెండూ నమూనా గీసేవారికి తప్పనిసరిగా ఇవ్వాలి. మూతతో సహా అతి పొడవైన పాత్ర ఎత్తు 26 సెంటీమీటర్లయితే, 24 సెంటీమీటర్ల లోతున్న సొరుగు ఎంత అందంగా ఉన్నా ఆ ఇంటికి పనికిరాదు. సొరుగు ముందు పలక ఎత్తుకూ లోపల దొరికే ఎత్తుకూ తేడా ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. 72 సెంటీమీటర్ల కింది అల్మరాను మూడు సొరుగులుగా విభజించేటప్పుడు ముందు పలకలను 144, 288, 288 మిల్లీమీటర్లుగా తీసుకోవడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి. కానీ అడుగు పలక మందం, పైన వదలవలసిన ఖాళీ పోగా లోపల నిలబెట్టగలిగే ఎత్తు అంతకంటే కొన్ని సెంటీమీటర్లు తక్కువే ఉంటుంది. ఆ అసలు ఎత్తునే అడిగి తెలుసుకోవాలి.

ఇక వస్తువును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు, ముందుగా ఎక్కడ వాడతామో అక్కడే అన్నది సమాధానం. నీళ్ళు పట్టాకే పొయ్యి ఎక్కే గిన్నె సింక్ పక్కన, నేరుగా పొయ్యి ఎక్కే పెనం పొయ్యి కింద ఉండాలి. కత్తులూ తరిగే పీటలూ ఈ రెంటి మధ్య ఉన్న గట్టు కింద ఉండాలి. రెండుచోట్ల వాడే వస్తువులు కొన్ని ఉంటాయి. కత్తెర, కొలిచే చెంచాలు, ఉప్పు డబ్బా వంటివి రెండేసి ఉంచుకోవడం దుబారా ఏమీ కాదు. ఒక్క కత్తెర కోసం రోజుకు పదిసార్లు గది అటునుంచి ఇటు దాటడం కంటే అది చవకే. ఒకే రకానికి చెందినవన్నీ ఒకేచోట ఉండాలన్న అలవాటు దుకాణానికి సరిపోతుంది గానీ వంటగదికి సరిపోదు.

చేతికి అందే ఎత్తు విషయంలో శరీరమే కొలబద్ద. తుంటి నుంచి కంటి దాకా ఉన్న పట్టీలో వంగకుండా, సాగకుండా వస్తువు అందుతుంది. రోజూ వాడేవీ బరువైనవీ అన్నీ ఈ పట్టీలోనే ఉండాలి. మోకాలి నుంచి తుంటి దాకా ఉన్న భాగం రెండవది. దాన్ని సొరుగులతో నింపితే బాగా పనికివస్తుంది. మోకాలి కిందా, తల పైనా ఉన్నవి అప్పుడప్పుడు వాడే తేలికపాటి వస్తువులకు వదిలేయాలి. బరువైన పాత్రను తలపైన పెట్టడం ఎప్పుడూ ప్రమాదమే, ఎందుకంటే దాన్ని దించేటప్పుడు రెండు చేతులూ భుజాలకు పైన ఉంటాయి, జారితే ఆపుకునే బలం ఆ స్థితిలో చేతులకు ఉండదు. గట్టు ఎత్తు కూడా ఈ లెక్కలోనిదే: సాధారణంగా 85 నుంచి 92 సెంటీమీటర్ల మధ్య కట్టినా, వంట చేసే మనిషి నిలబడి మోచేతులు మడిస్తే ఆ మోచేతి కంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందకు గట్టు ఉండాలి. ఇంట్లో చక్రాల కుర్చీ వాడేవారుంటే, లేదా రాబోయే రోజుల్లో ఆ అవసరం రావచ్చని అనిపిస్తే, నేల నుంచి 38 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా, 122 సెంటీమీటర్లకు మించకుండా ముఖ్యమైన వస్తువులన్నీ ఉండేట్టు చూడాలి. వికలాంగుల సౌకర్యాలకు అమెరికా పాటించే ప్రమాణాల్లో చేతికి అందే హద్దులు ఇవే.

ఇప్పుడు అసలైన చర్చ అయిన తలుపుల అల్మరాకూ సొరుగుకూ మధ్య ఎంపికకు వద్దాం. కింది అల్మరాల లోతు దాదాపు అన్నిచోట్లా 60 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది, ఎందుకంటే గట్టు వెడల్పు అంత కావాలి. తలుపు ఉన్న అరలో ఆ లోతు అంతా వాడుకోవాలంటే వస్తువులను ఒకదాని వెనక ఒకటి పెట్టక తప్పదు. వెనక వరుస కావాలంటే ముందు వరుసను కదపాలి. తలుపు తెరవడం ఒక కదలిక, వంగడం రెండవది, ముందువి జరపడం మూడవది, వెనకది తీయడం నాలుగవది, జరిపినవాటిని తిరిగి పెట్టడం అయిదవది. సొరుగు విషయానికి వస్తే, లాగడంతోనే వెనక వరుస కూడా వెలుతురులోకి, కళ్ళ ముందుకు వస్తుంది. పై నుంచి చూసి ఎత్తుకోవడమే మిగులుతుంది. సొరుగు పెట్టె వల్ల పక్కలా వెనకా కొంత చోటు తగ్గుతుందన్న మాట నిజమే. కొలతపట్టీ అలా చెబుతుంది, అయినా ఉపయోగానికి వచ్చే చోటు పెరుగుతుంది. అందుకే కింది వరుసలో సింక్ కింది భాగం తప్ప మిగిలినదంతా సొరుగులే ఉండాలన్నది నా అభిప్రాయం. ఖర్చు ఎక్కువవుతుందని ఎవరైనా వెనుకాడితే, పై అల్మరాలు రెండు తగ్గించుకునైనా కింద సొరుగులు పెట్టించుకోమంటాను.

సొరుగులను ఎంచుకోవడంలో వెడల్పుకు చాలామంది ఇవ్వవలసినంత ప్రాధాన్యం ఇవ్వరు. 45 సెంటీమీటర్ల అల్మరాలు రెండు పక్కపక్కన పెట్టిస్తే, 18 మిల్లీమీటర్ల పక్క పలకలు నాలుగు వస్తాయి; లోపల ఒక్కోదానికి మిగిలేది 41.4 సెంటీమీటర్లు. సొరుగు పక్కలకూ, అది జారే లోహపు పట్టీలైన చానళ్ళకూ కలిపి మరో 5 సెంటీమీటర్లు పోతాయనుకుంటే, రెండింటిలో కలిపి పనికివచ్చే వెడల్పు 73 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. అదే 90 సెంటీమీటర్ల అల్మరా ఒక్కటే పెట్టిస్తే 81 సెంటీమీటర్లకు పైగా దొరుకుతుంది. గోడ అదే, గట్టు అదే. తేడా మాత్రం ప్రతి సొరుగులోనూ 8 సెంటీమీటర్లకు పైనే. పైగా వెడల్పాటి సొరుగులో పెద్ద పాత్రలు పక్కపక్కన పడతాయి, ఇరుకైన సొరుగులో ఒక్కటి పట్టి మిగతా చోటు ఖాళీగా మిగిలిపోతుంది. వెడల్పు పెరిగితే బరువు కూడా పెరుగుతుంది కాబట్టి చానళ్ళ సామర్థ్యం అడగాలి: మామూలు రకాలు 30 నుంచి 45 కిలోల దాకా మోస్తే, గట్టి రకాలు 65, 70 కిలోల దాకా మోస్తాయి. పింగాణీ పళ్ళేలు ఒక్కోటి 700 గ్రాములు తూగినా రెండు డజన్లకు దాదాపు 17 కిలోలు అవుతాయి. వాటికి నాలుగు మందపాటి పాత్రలు తోడైతే తేలికపాటి చానల్ కొన్నాళ్ళకే వాలడం మొదలుపెడుతుంది. చానల్ పూర్తిగా బయటికి సాగే రకమై ఉండాలన్నది మరో షరతు. మూడొంతులే సాగే రకంలో 50 సెంటీమీటర్ల సొరుగుకు 12 సెంటీమీటర్లకు పైగా లోపలే ఉండిపోతుంది. తప్పించుకోవాలనుకున్న ఆ వెనక వరుస మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

సొరుగు లోపల విభజన లేకపోతే అది మూత లేని పెట్టెతో సమానం. గరిటెలకు గరిటె పొడవుకు తగిన గడులు, పళ్ళేలు కదలకుండా చెక్క మేకులు, మూతలను నిలువుగా పట్టే సన్నని అడ్డాలు కావాలి. అన్నింటికంటే ఎక్కువ ఉపకారం చేసేవి నిలువు అడ్డాలే. పళ్ళేలైనా, వెడల్పాటి తట్టలైనా, తరిగే పీటలైనా ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగున ఉన్నది తీయడానికి మిగిలినవన్నీ ఎత్తాలి. నిలబెడితే పుస్తకంలా లాగవచ్చు.

మూలల సంగతి దీనికంటే చిక్కైనది. రెండు గోడల వెంట గట్టు తిరిగే చోట 60 సెంటీమీటర్ల చదరం, 72 సెంటీమీటర్ల ఎత్తు, అంటే దాదాపు 260 లీటర్ల చోటు ఏ పక్క నుంచీ నేరుగా చేరలేని విధంగా చిక్కుకుపోతుంది. అంత చోటు వృథా చేయడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే గుండ్రంగా తిరిగే తట్టలు, మడత తలుపులు, లాగితే లోపలి బుట్టలు వంపు తిరిగి బయటికి వచ్చే యంత్రాంగాలు పుట్టాయి. వాటి ప్రదర్శన చూసినప్పుడు సమస్య తీరిపోయినట్టే అనిపిస్తుంది. లెక్క వేస్తే మరోలా తేలుతుంది. రెండు పక్కలా 90 సెంటీమీటర్లున్న మూల అల్మరాలో 80 సెంటీమీటర్ల వ్యాసంతో, నాలుగో వంతు కత్తిరించిన తిరిగే తట్టలు రెండు పెడితే, వస్తువులు పెట్టుకునే వైశాల్యం సుమారు 0.75 చదరపు మీటర్లు. దానికి బదులు మూలను పూర్తిగా మూసేసి, ఇరుపక్కలా ఖాళీని కప్పే 5 సెంటీమీటర్ల పూరక పలక మాత్రమే వదిలితే, ఆ 60 సెంటీమీటర్ల చదరానికి అవతల మూల అల్మరా తినేసే 30 సెంటీమీటర్లలో 25 సెంటీమీటర్లు ఒక్కో గోడకు తిరిగి వస్తాయి. ఆ 25 సెంటీమీటర్లను పక్కనున్న మూడేసి సొరుగులకు కలిపితే, 50 సెంటీమీటర్ల లోతుతో ఆరు సొరుగులకు కలిపి వచ్చే అదనపు వైశాల్యం కూడా సరిగ్గా 0.75 చదరపు మీటర్లే. ఒకవైపు ఖరీదైన యంత్రాంగం, గుండ్రటి తట్ట అంచు నుంచి జారి వెనక పడిపోయే మూతలు. మరోవైపు నేరుగా లాగే సొరుగులు. రెండు పక్కలా సొరుగులను వెడల్పు చేసుకునే వీలుంటే మూలను మూసేయడమే మంచిది. ఒక పక్క పొయ్యి లేదా పాత్రలు కడిగే యంత్రం ఉండి అక్కడ సొరుగు వెడల్పు చేయలేని పక్షంలో మాత్రమే మూల యంత్రాంగం గురించి ఆలోచించాలి. మూలకు అవతలి వైపు మరో గది ఉంటే, ఆ చోటును అటునుంచి తెరిచే అరగా మార్చడం మరో మార్గం.

చోటు మిగుల్చుకోవడానికని పూరక పలకను తీసేయించేవారిని చూశాను. ఆ పొరపాటు మొదట్లో మా ఇంట్లోనే జరిగింది. నమూనాలో మూలకు ఇరువైపులా సొరుగులు చక్కగా ఆనుకుని ఉన్నాయి. బిగించిన రోజు ఎడమ సొరుగు లాగితే దాని అంచు కుడి సొరుగు పిడికి తగిలి వేలెడు దూరంలో ఆగిపోయింది. పిడులు బయటికి 4 సెంటీమీటర్లు పొడుచుకుని వస్తాయన్న సంగతి నమూనా బొమ్మలో ఎక్కడా లేదు. చివరకు పిడులు తీసేసి, పలక పైఅంచున వేలు పట్టే గాడి చెక్కించాల్సి వచ్చింది. ఇటువంటి ఢీకొట్టుళ్ళు మూలల్లోనే కాదు, తలుపు తెరుచుకునే ప్రతిచోటా పొంచి ఉంటాయి. ఫ్రిజ్ తలుపు గోడకు తగిలి 90 డిగ్రీల దగ్గర ఆగిపోతే లోపలి అరలను బయటికి లాగడం కుదరదు. పాత్రలు కడిగే యంత్రం తలుపు దించి ఉన్నంతసేపూ ఎదుటి సొరుగు తెరుచుకోకపోతే, కడిగిన గిన్నెలు సర్దడమే ఒక యాతన అవుతుంది. అందుకని నమూనాలో ప్రతి తలుపునూ ప్రతి సొరుగునూ పూర్తిగా తెరిచిన స్థితిలో, పిడులతో సహా, గీయించుకోవాలి. అన్నీ తెరిచినా మనిషి నిలబడే నడవా ఎంత మిగులుతుందో అప్పుడే తెలుస్తుంది. వంటగదుల రూపకర్తల అమెరికా సంఘం సూచన ప్రకారం ఒక్కరే వండే చోట, అన్నీ మూసి ఉన్నప్పుడు ఎదురెదురు గట్ల మధ్య నడవా 107 సెంటీమీటర్లు, ఇద్దరు వండే చోట 122 సెంటీమీటర్లు ఉండాలి.

పై అల్మరాలు సాధారణంగా 30 నుంచి 35 సెంటీమీటర్ల లోతుతో, గట్టుకు 45 నుంచి 60 సెంటీమీటర్ల పైన మొదలవుతాయి. వాటి లోతు తక్కువగా ఉండటమే వాటి బలం. వెనక వరుస ఏర్పడదు. అరల ఎత్తు మార్చుకునే వీలుండాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. అల్మరా పక్క పలకల్లో 32 మిల్లీమీటర్ల దూరంలో 5 మిల్లీమీటర్ల రంధ్రాల వరుస వేసే పద్ధతి కర్మాగారాల్లో స్థిరపడింది. వడ్రంగి చేత చేయించుకునేవారు కూడా ఆ వరుసను అడిగి వేయించుకోవాలి. ఎందుకంటే గిన్నెల ఎత్తుకు తగ్గట్టు అరను జరిపితే, ముందు నాలుగు అరలున్న చోటే అయిదవది పట్టవచ్చు. అర వంగిపోవడం గురించి కూడా ఒక మాట. ఒకే మందం ఉన్న పలక మీద ఒకే వత్తుగా బరువు పేర్చినప్పుడు, అది వంగే తీరు పొడవుకు నాలుగవ ఘాతంలో పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల అరను 90 చేస్తే వంపు ఒకటిన్నర రెట్లు కాదు, అయిదు రెట్లవుతుంది. మందాన్ని 18 నుంచి 25 మిల్లీమీటర్లకు పెంచితే అది రెండున్నర రెట్లకు పైగా తగ్గుతుంది. పార్టికల్ బోర్డు అరలు రెండు మూడేళ్ళకే మధ్యలో కుంగడానికి కారణం ఈ లెక్కను పట్టించుకోకపోవడమే. నడుమ ఒక నిలువు పలక పెడితే ఆ చిక్కు పోతుంది.

పై అల్మరాలను కప్పు దాకా తీసుకుపోవాలా వద్దా అన్నదానికి నా సమాధానం, తీసుకుపోవాలనే. ఖాళీ వదిలితే అక్కడ జిడ్డు, దుమ్ము పేరుకోవడం తప్ప లాభం లేదు. అయితే ఆ పై అరలను రోజువారీ నిల్వగా లెక్కలోకి తీసుకోకూడదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తీసే తేలిక వస్తువులకు మాత్రమే అవి. వాటికోసం ఎక్కే చిన్న మెట్ల పీట ఎక్కడ ఉండాలో కూడా నమూనాలోనే నిర్ణయించాలి. కింది అల్మరాల అడుగున కాళ్ళు పట్టడానికి వదిలే 10 సెంటీమీటర్ల ఖాళీలో మడత పీట పట్టే పలచటి సొరుగు చేయించవచ్చు. పొయ్యికి నేరుగా పైన మాత్రం అల్మరా పెట్టకపోవడమే మేలు. అక్కడ మండే పదార్థంతో చేసినది ఏదున్నా పొయ్యికి కనీసం 75 సెంటీమీటర్ల దూరం ఉండాలన్నది సాధారణ నియమం. మంట మీదుగా చెయ్యి చాచి వస్తువు తీయాల్సి రావడం ఆ దూరం పాటించినా ప్రమాదమే.

సరుకుల అల్మరా విషయంలో లోతే శత్రువు. 60 సెంటీమీటర్ల లోతున్న నిలువెత్తు అల్మరా చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ, వెనక వరుసలో ఏముందో తెలియక ఉన్న సరుకే మళ్ళీ కొంటాం, పాతది గడువు దాటి చెడిపోతుంది. 30 సెంటీమీటర్ల లోతుతో, ఒక వరుస మాత్రమే పట్టేలా, గోడ పొడవునా అరలు పెడితే మొత్తం సరుకు ఒక్క చూపులో కనిపిస్తుంది. చోటు లేక లోతైన అల్మరాయే గతి అయితే లోపల అరలకు బదులు లాగే తట్టలు వేయించాలి. సరుకుల అల్మరాను ఓవెన్ పక్కనా, పాత్రలు కడిగే యంత్రం పైనా, ఫ్రిజ్ వేడి గాలి వదిలే వైపూ పెట్టకూడదు. వేడికీ వెలుతురుకీ నూనె త్వరగా మక్కిపోతుంది, మసాలా దినుసుల వాసన తగ్గిపోతుంది, బంగాళాదుంపలు వెలుతురు తగిలితే పచ్చబడి చేదెక్కుతాయి. పొయ్యి పక్కన అందంగా పేర్చిన గాజు సీసాల బొమ్మలు చూసి చాలామంది మోజుపడతారు; వారం రోజులకు సరిపడా చిన్న డబ్బాలు అక్కడ ఉంచి, మిగిలినది చల్లని చీకటి చోట దాచడమే సరైన పద్ధతి.

సింక్ కింద గొట్టాలుంటాయి కాబట్టి అక్కడ తలుపే సరి. చెత్తబుట్ట, గిన్నెలు తోమే సామాను తప్ప మరేవీ అక్కడ ఉండకూడదు. శుభ్రపరిచే రసాయనాలు పిల్లలున్న ఇంట్లో తాళం పడే పై అరకు వెళ్ళాలి. చెత్తబుట్టను సింక్ కిందే కాకుండా, తరిగే గట్టుకు సరిగ్గా కింద లాగే సొరుగులో పెట్టించుకోగలిగితే మరీ మంచిది. తరిగిన తొక్కలను గట్టు అంచు నుంచి నేరుగా బుట్టలోకి తోసేయవచ్చు.

గట్టును ఖాళీగా ఉంచడం కూడా నిల్వ ఏర్పాటులో భాగమేనన్నది తరచుగా మరిచిపోయే విషయం. సింక్‌కు ఒక పక్క 60, మరో పక్క 45 సెంటీమీటర్లు, పొయ్యికి ఇరుపక్కలా 30, 38 సెంటీమీటర్లు, ఫ్రిజ్ తలుపు తెరుచుకునే వైపు 38 సెంటీమీటర్లు ఖాళీ గట్టు ఉండాలని పైన చెప్పిన సంఘమే సూచిస్తుంది. వేడి గిన్నె దించడానికి, ఫ్రిజ్ నుంచి తీసినవి పెట్టడానికి ఆ చోటు కావాలి. దాన్ని మింగేవి చిన్న విద్యుత్ పరికరాలు. రోజూ వాడే ఒకటి రెండింటికి గట్టు మీదనే, వెనకన ప్లగ్ ఉన్న గూడు కేటాయించి, మిగిలినవి తుంటి ఎత్తున లాగే అరలో ఉంచాలి. ఈ నిర్ణయం గోడలు తవ్వి వైర్లు వేయకముందే జరగాలి, పలకలు బిగించాక ప్లగ్ జరపడం చాలా కష్టం. నీటి గొట్టాల సంగతీ అంతే.

కొలతలు తీయవలసిన సమయం గురించి కూడా జాగ్రత్త అవసరం. పాత గోడకు తీసిన కొలత, పూత పూసి టైల్స్ అతికించాక రెండు మూడు సెంటీమీటర్లు తగ్గుతుంది. గోడలు నిటారుగా, మూలలు సరిగ్గా 90 డిగ్రీలు ఉన్నాయని ఊహించకూడదు. ఒకే గోడ వెడల్పును అడుగున, నడుమ, పైన మూడుచోట్ల కొలిచి, వాటిలో తక్కువదాన్ని తీసుకుని, మిగిలిన తేడాను పూరక పలకలకు వదలాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ముందు పలకల మెరుపు కంటే లోపలి చానళ్ళు, బందులు, నీటికి ఓర్చే పలక ముఖ్యమని చెబుతాను. రంగు పలక పదేళ్ళకు మార్చుకోవచ్చు, రోజుకు నలభైసార్లు లాగే సొరుగు చానల్ పాడైతే వంటే ఆగుతుంది. అలాగే మొదటి రోజే ప్రతి అరా నిండిపోయేలా లెక్క వేయకూడదు. ప్రతి అయిదు సొరుగుల్లో ఒకటి ఖాళీగా మిగలాలని నేను కోరుకుంటాను, ఎందుకంటే ఇంటి అవసరాలు మారతాయి, ఆ మార్పుకు ముందే చోటు లేకపోతే అది గట్టు మీదకే చేరుతుంది.

నమూనా మీద సంతకం పెట్టేముందు చేయదగిన పని ఒకటుంది. ఖాళీ గదిలో నేల మీద కాగితపు టేపుతో అల్మరాల హద్దులు గీసి, అట్టపెట్టెలను గట్టు ఎత్తుకు పేర్చి, సొరుగులు తెరుచుకునే దూరాన్ని కూడా టేపుతోనే గుర్తుపెట్టి, వస్తువుల పట్టిక చేతిలో పట్టుకుని ఒక పూట వంటను మొదటి నుంచి చివరి దాకా నటించి చూడాలి. ఫ్రిజ్ నుంచి తీసినది ఎక్కడ పెట్టారు, కత్తి కోసం ఎటు తిరిగారు, వేడి పాత్రతో ఎన్ని అడుగులు నడిచారు, ఇంకొకరు వచ్చి నీళ్ళు పట్టుకోబోతే ఎవరు పక్కకు జరగాల్సి వచ్చింది అన్నవన్నీ అక్కడికక్కడే రాసుకోవాలి. మేమలా చేసినప్పుడు పళ్ళేల సొరుగు గదికి అవతలి వైపు ఉందని, సర్దేటప్పుడు ప్రతిసారీ పొయ్యి ముందు నుంచి దాటవలసి వస్తుందని తేలింది. టేపు పీకి, ఆ సొరుగును సింక్‌కు రెండడుగుల దూరానికి జరిపి, మళ్ళీ మొదటి నుంచి నటించి చూశాం. ఆ మార్పుకు మాకు పట్టినది పది నిమిషాలు, ఖర్చయినది మూర టేపు.